గాయకుడి హక్కు కన్న ముందు పుట్టిన శిక్ష

(ఇందిరాపురంలో చేసిన ఘంటసాల స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వెంకటేశ్వరరావుగారు మద్రాసులో కన్నుమూశారు. ఆయన పుట్టిన కృష్ణా జిల్లా చౌటపల్లికి, ఆయన పాడిన మద్రాసుకు ఎంతో దూరంగా, యమునకూ హిండన్‌కూ నడుమ ఉన్న ఈ ఇందిరాపురంలో ఆయన పేరు మీద ఇంతమంది కూడడం నాకు ఎంతో తృప్తినిచ్చే విషయం. ఈ సభలో కేంద్ర ప్రభుత్వ కొలువుల కోసం దశాబ్దాల కిందట వచ్చి స్థిరపడినవారున్నారు. నోయిడా కంపెనీలలో పనిచేస్తున్న యువకులున్నారు. తెలుగును ఇంట్లో మాత్రమే వినే పిల్లలూ ఉన్నారు. ఈ మూడు రకాలవారినీ ఒకచోట కూర్చోబెట్టగలిగిన గొంతు ఆయనది. ఆ గొంతును స్మరిస్తూ నాలుగు మాటలు చెప్పే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

సంగీతాన్ని చట్టవిరుద్ధంగా డౌన్‌లోడ్ చేసుకునేవారిని శిక్షించాలా వద్దా అన్నది నాకు ఇచ్చిన అంశం. ఒక మహాగాయకుడి వర్ధంతి సభలో ఈ ప్రశ్నకు చోటేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ ప్రశ్న అడగడానికి ఇంతకన్న తగిన సభ లేదని నా నమ్మకం. పాటను అక్రమంగా నకలు చేసినవాడికి జైలు అన్న మాట స్వతంత్ర భారత చట్టంలో 1957లోనే ఉంది. ఆ పాట పాడినవాడికి తన గానం మీద హక్కు ఉందని అదే చట్టం ఒప్పుకోవడానికి మరో 37 ఏళ్లు పట్టింది. ఆ 37 ఏళ్లు ముగియకముందే ఘంటసాలగారు పాడవలసినదంతా పాడి వెళ్లిపోయారు. శిక్షను గురించి ఏ అభిప్రాయానికి వచ్చినా ఈ వరుసను కళ్ల ముందు పెట్టుకునే రావాలి. ఈనాటి నా ప్రసంగమంతా ఈ వరుసను గురించే.

ముందుగా ఆయన విద్యాభ్యాసం దగ్గరికి వెళ్దాం. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో చేరిన కుర్రవాడికి చేతిలో డబ్బు లేదు. జోలె పట్టి మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ శిష్యుడిని చేరదీసి, ప్రతిఫలం ఆశించకుండా విద్య చెప్పారు. ఆ గురువుకు విద్య వెలకట్టి అమ్ముకునే వస్తువు కాదు. ఆ ఊళ్లో జోలెలో పిడికెడు అన్నం వేసిన ఇల్లాలికీ అది వస్తువు కాదు. తరువాత క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఘంటసాలగారు ఏడాదిన్నర జైలులో ఉన్నారు. జైలు అంటే ఏమిటో ఎరిగిన మనిషి ఆయన. పాట కోసం జైలు అన్న ఆలోచన ఆయన పేరు మీద జరిగే సభలో మరింత బరువుగా వినిపించడానికి అదొక కారణం.

మన సంగీత చరిత్రలో నకలు చేసుకోవడం చాలాకాలం పుణ్యకార్యంగానే సాగింది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరిచాడు. ఇరవయ్యో శతాబ్దంలో అవి వెలుగు చూశాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించి లోకానికి అందించారు. సాహిత్యం దొరికింది, రాగాల పేర్లు దొరికాయి. అన్నమయ్య పాడిన వరుసలు మాత్రం దొరకలేదు. రాళ్లపల్లివారు ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరాలు కట్టవలసి వచ్చింది. అటు త్యాగరాజస్వామిని చూడండి. ఆయన కృతులను శిష్యులు పాడుకున్నారు, రాసుకున్నారు, ఊరూరా మోసుకెళ్లారు. వాలాజాపేట వెంకటరమణ భాగవతులు, ఆయన వంశంవారు రాసిపెట్టిన ప్రతులు నేటికీ పరిశోధకులకు ఆధారం. లోహం మీద చెక్కి భద్రంగా దాచిన పాట వరుసను పోగొట్టుకుంది. పదిమంది పంచుకున్న పాట వరుసతో సహా మనదాకా వచ్చింది. నకలు చేసిన ప్రతివాడూ దొంగే అన్న మాట మన చెవికి ఎందుకు కటువుగా వినిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే ఈ చరిత్రను మరీ తీయగా చెప్పుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. పాటకు వెల లేని ఆ రోజుల్లో పాటగాడికి కూడు ఎవరో ఒకరు పెట్టారు. దేవాలయ మాన్యాలు, రాజుల అగ్రహారాలు, జమీందారుల సంభావనలు ఉండేవి. ఎట్టయాపురం సంస్థానం అండతోనే సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో తెలుగులో అచ్చు వేయగలిగారు. అండ ఇచ్చేవాడి గుమ్మం ముందు కళాకారుడు చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చేది. క్షేత్రయ్య పదాలను తరతరాలుగా కాపాడిన దేవదాసీలకు సమాజం ఇచ్చిన ప్రతిఫలం ఏమిటో మనకు తెలుసు. పాట అందరిదీ అన్నమాట ఎంత గొప్పదైనా, పాడినవారి బ్రతుకు ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు అది జవాబు ఇవ్వలేదు.

1847 జనవరిలో త్యాగరాజస్వామి సిద్ధి పొందారు. అదే సంవత్సరం ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఈ దేశంలో తొలి కాపీరైటు చట్టం చేసింది. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని సంఘటనలు ఇవి. కాని ఒక యుగం ముగిసి ఇంకొకటి మొదలైన సంవత్సరంగా నేను దాన్ని గుర్తుపెట్టుకుంటాను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డయింది. 1908లో అదే నగరంలోని సియాల్దాలో గ్రామఫోను కంపెనీ రికార్డులు అచ్చొత్తే కర్మాగారం పెట్టింది. మనిషి ఎదుట లేకుండానే గొంతు వినిపించడం, ఆ గొంతును వేల ప్రతులుగా తీసి అమ్మడం అప్పటినుంచి సాధ్యమైంది. 1914 కాపీరైటు చట్టంలో తొలిసారి తప్పుచేసినవాడికి జరిమానాయే శిక్ష. 1957 చట్టంలో ఏడాది వరకు జైలు చేరింది. క్యాసెట్లూ వీడియోలూ వచ్చాక 1984లో దాన్ని మూడేళ్లకు పెంచి, ఆరు నెలలకు తగ్గకూడదని కట్టడి చేశారు. 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా కూడా పెట్టారు. నేటికీ 63వ సెక్షన్‌లో ఉన్నది ఇదే.

శిక్ష ఇలా మెట్టు మెట్టుగా పెరుగుతున్న కాలంలో గాయకుడి సంగతి ఏమిటి? 1957 చట్టం దృష్టిలో రికార్డుకు హక్కుదారు దాన్ని చేయించిన కంపెనీ. సినిమా పాటకు హక్కుదారు సాధారణంగా నిర్మాత. గాయకుడు ఆ జాబితాలోనే లేడు. 1977లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వివాదం వచ్చింది. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఒకవైపు, తూర్పు భారత చలనచిత్ర నిర్మాతల సంఘం మరోవైపు. తీర్పు నిర్మాతలకు అనుకూలంగా వెలువడింది. అయితే జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పుకు తన మాటలు విడిగా జోడించారు. పాటకు ప్రాణం పోసే గాయకుడిని చట్టం పూర్తిగా విస్మరించడం అన్యాయమని, పార్లమెంటు దీన్ని పట్టించుకోవాలని ఆయన కోరారు. పార్లమెంటు పట్టించుకోవడానికి 17 ఏళ్లు పట్టింది. 1994 సవరణతో ప్రదర్శనకారుల హక్కు చట్టంలోకి వచ్చింది. పాట రాసినవారికి, స్వరపరిచినవారికి, పాడినవారికి రాయల్టీలో వాటా దక్కేలా, ఆ వాటాను వదులుకునేలా వారిచేత సంతకం పెట్టించుకోవడానికి వీల్లేకుండా కట్టుదిట్టం చేసింది 2012 సవరణ. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ ఆ బిల్లు కోసం ఎంత ఆర్తితో మాట్లాడారో ఢిల్లీలో ఉన్న మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అంటే ఘంటసాలగారు జీవించి ఉన్నంతకాలం ఆయన పాటను ఎవరైనా దొంగచాటుగా అచ్చొత్తి అమ్మితే, చట్టం కంపెనీ తరఫున ఆ దొంగను పట్టుకునేది. ఆయనకు దానిలో చెల్లవలసినది ఏమీ లేదు. దొంగతనం జరిగినా, జరగకపోయినా పాడినవాడికి చట్టరీత్యా దక్కే వాటా శూన్యమే. గాయకుల నోరు కొడుతున్నారని డౌన్‌లోడ్ చేసే పిల్లలను నిందించే పెద్దలకు ఈ నిజం తెలియాలి. అర్ధ శతాబ్దం పాటు ఆ నోరు కొట్టినవాటిలో చట్టం కూడా ఒకటి.

ఇప్పుడు మనం ఉంటున్న ఈ ప్రాంతం కథకు వద్దాం. ఈ దేశంలో పాటల నకలు చరిత్రలో ఢిల్లీది, నోయిడాది ప్రధానమైన అధ్యాయం. 1970ల చివర గల్ఫ్‌కు పనికి వెళ్లినవాళ్లు టూ-ఇన్-వన్‌లు చంకన పెట్టుకుని తిరిగొచ్చారు. ఎర్రకోట ఎదుట లాజ్‌పత్‌రాయ్ మార్కెట్‌లో ఎలక్ట్రానిక్ సరుకుతో పాటు క్యాసెట్ల వ్యాపారమూ పుంజుకుంది. దరియాగంజ్‌లో పళ్లరసాల దుకాణం నడిపే కుటుంబంలో పుట్టిన గుల్షన్ కుమార్ ఆ వ్యాపారంలోకి దిగి, 1983లో టీ-సిరీస్‌ను స్థాపించాడు. పాత పాటలను కొత్త గొంతులతో పాడించి తక్కువ ధరకు అమ్మాడు. చట్టంలోని ఒక వెసులుబాటు అందుకు ఆసరా అయింది. ఆ తొలి రోజుల్లో ఆ సంస్థ మీద పైరసీ ఆరోపణలూ బలంగానే వచ్చాయి. అమెరికన్ పండితుడు పీటర్ మాన్యుయెల్ ‘క్యాసెట్ కల్చర్’ అన్న గ్రంథంలో ఈ కాలాన్ని శ్రద్ధగా నమోదు చేశాడు. ఒకే పెద్ద కంపెనీ గుప్పిట్లో ఉన్న సంగీతం ఊళ్లకూ, యాసలకూ, భజన మండళ్లకూ చేరడం చౌక క్యాసెట్ వల్లనే జరిగిందని ఆయన చూపించాడు.

ఆ సంస్థే పెరిగి పెద్దదై, నోయిడా ఫిల్మ్ సిటీ కేంద్రంగా, మనకు కూతవేటు దూరంలో నిలిచింది. తన పాటలను అనుమతి లేకుండా జనం ఎక్కిస్తున్నారని సామాజిక మాధ్యమ వేదిక మైస్పేస్ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది కూడా అదే. 2011లో కంపెనీకి అనుకూలంగా ఉత్తర్వు వచ్చింది. 2016 డిసెంబరులో డివిజన్ బెంచ్ దాన్ని మార్చి, ఫలానా పాట అక్రమంగా ఉందని నిర్దిష్టంగా తెలిసినప్పుడే వేదికకు బాధ్యత ఉంటుందని చెప్పింది. ఎవరినీ ఎత్తిపొడవడానికి నేను దీన్ని ప్రస్తావించడం లేదు. నకలు చేసేవారు, హక్కుదారులు అని రెండు వేర్వేరు జాతులు లేవని, కాలం ఒకరిని మరొకరిగా మారుస్తుందని గమనించమంటున్నాను.

ఆ రోజుల్లో ఢిల్లీ తెలుగువారికి పాట ఎలా చేరేదో పెద్దలకు తెలుసు, పిల్లలు వినాలి. కరోల్‌బాగ్‌లోనో, ఆర్కే పురంలోనో ఉన్న కుటుంబానికి తెలుగు క్యాసెట్ బజారులో దొరికేది కాదు. సెలవులకు వెళ్లినవాళ్లు ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొచ్చేటప్పుడు సంచిలో పచ్చళ్ల సీసాల పక్కన క్యాసెట్లు తెచ్చేవారు. అవి చుట్టుపక్కల ఇళ్లన్నీ తిరిగేవి. రెండు క్యాసెట్లు పట్టే డెక్ ఎవరింట్లో ఉంటే వారింటికి ఆదివారం ఖాళీ క్యాసెట్లు చేరేవి. మన ఊళ్లలో ఇదే పని రికార్డింగ్ సెంటర్లు చేసేవి. అరఠావు కాగితం మీద పాటల పేర్లు వరుసగా రాసి, అరవై నిమిషాల టీడీకేనో, తొంభై నిమిషాల సోనీనో కొని ఇస్తే రెండు రోజుల తరువాత పాటలు నింపి ఇచ్చేవాడు. ఒక వైపు చివర పాట సగంలో తెగిపోకుండా నిమిషాలు లెక్కకట్టి వరుస మార్చేవాడు. లోపలి అట్ట మీద సినిమా పేరు, గాయకుల పేర్లు గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టేవాడు. చట్టం ముందు అది నేరమే. ఈ హాలులో ఇవాళ పదేళ్ల పిల్లవాడు ఘంటసాల పాటను తడబడకుండా పాడుతున్నాడంటే, వాడి తాతగారింటి బీరువాలో అలాంటి క్యాసెట్ ఒకటి ఉండడమే కారణమని కూడా చెప్పుకోవాలి.

ఆ తరువాతి అంకం ఎంపీ3. పల్లెల్లో కూడా సెల్‌ఫోన్ దుకాణాలలో ఒక కంప్యూటరు పెట్టుకుని, మెమరీ కార్డులో పాటలు ఎక్కించే వ్యాపారం సాగింది. ఆ పాటలన్నీ వెబ్‌సైట్ల నుంచి దింపినవి. ఇక్కడ మాత్రం నా మాట కటువుగానే ఉంటుంది. అలా దింపిన పాట ఒకటి ఫోనులో తెరిచి దాని వివరాలు చూడండి. గాయకుడి పేరు ఉండవలసిన చోట వెబ్‌సైట్ పేరు ఉంటుంది. ఆల్బమ్ పేరు పక్కన మళ్లీ అదే పేరు. బొమ్మ మీద అడ్డంగా అదే ముద్ర. రచయిత పేరు ఎక్కడా ఉండదు. సంగీత దర్శకుడి పేరు ఉంటే అదృష్టం. ఆనాటి రికార్డింగ్ సెంటరు కుర్రవాడు చేత్తో రాసిపెట్టిన ఆ మాత్రం మర్యాద కూడా ఇందులో లేదు. డబ్బు నష్టం ఎంతో లెక్కకట్టడం కష్టం. పేరు నష్టం మాత్రం ప్రతి ఫైలులో కంటికి కనబడుతుంది. ఒక తరానికి ‘ఈ పాట ఎవరు రాశారు’ అన్న ప్రశ్నే తట్టకుండా పోయింది. ఈ చోరీని నేను క్షమించలేను.

కర్తకు తన పేరు చెప్పుకునే హక్కు ఉందని, అతని సృష్టిని వికృతం చేసి అతని ప్రతిష్ఠకు భంగం కలిగించకూడదని చట్టంలోని 57వ సెక్షన్ చెబుతుంది. విజ్ఞానభవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కుడ్యశిల్పాన్ని ఊడదీసి పాడుచేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2005లో ఈ నైతిక హక్కును ఘనంగా నిలబెట్టింది. ఒక శిల్పికి దక్కిన ఆ గౌరవం సినీకవికి ఏనాడు దక్కుతుంది? డబ్బు కట్టి వినే యాప్‌లలో కూడా కవి పేరు వెతికితే గాని కనిపించకపోవడం నన్ను బాధిస్తుంది.

ఇక శిక్ష విషయం. చట్టం ఏమంటున్నదో స్పష్టంగా తెలుసుకోవాలి. సొంత వినియోగానికి న్యాయసమ్మతంగా వాడుకోవడాన్ని 52వ సెక్షన్ మినహాయిస్తుంది. అక్రమంగా పెట్టిన చోటు నుంచి పాట మొత్తాన్ని దింపుకోవడానికి అది వర్తిస్తుందని ధైర్యంగా చెప్పలేం. మరోవైపు 63వ సెక్షన్ తెలిసి చేసిన ఉల్లంఘనకే శిక్ష అంటుంది. వ్యాపార లాభం కోసం చేయని సందర్భంలో, తగిన కారణాలుంటే, ఆరు నెలల కన్న తక్కువ శిక్ష వేసే వెసులుబాటూ న్యాయమూర్తికి ఇచ్చింది. లాభం కోసం చేసినవాడూ, చేయనివాడూ ఒకటి కాదని చట్టమే గుర్తించిందన్నమాట. అయితే 2022 మేలో ఢిల్లీ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు ఈ నేరం వారంటు లేకుండా అరెస్టు చేయదగినదనీ, బెయిలు హక్కుగా దొరికేది కాదనీ తేల్చింది. ఆ తీర్పు వ్యాపార వివాదంలో వచ్చినదే. కాని సెక్షన్ అందరికీ ఒకటే. ఒక విద్యార్థి మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏం జరగవచ్చో తల్లిదండ్రులు ఊహించుకోండి.

2016లో నిషేధించిన వెబ్‌సైట్ తెరిస్తే తెర మీద ఒక హెచ్చరిక కనిపించేది. చూసినా మూడేళ్ల జైలు అన్న అర్థం వచ్చేలా ఉన్న ఆ మాటలు దేశమంతటా కలవరం రేపాయి. కేవలం చూడడం నేరం కాదని, ఆ హెచ్చరికను సరిచేయాలని బొంబాయి హైకోర్టు చెప్పవలసి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు మరో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. మూసేసిన పైరసీ సైటు పేరు మార్చుకుని మళ్లీ వస్తే, ప్రతిసారీ కొత్త దావా అక్కర్లేకుండా దాన్నీ అడ్డుకునే మార్గం జస్టిస్ మన్‌మోహన్ చూపించారు. అదే తీర్పులో కేంద్ర ప్రభుత్వానికి ఒక సూచన చేశారు. వాడకందారులకు ముందు హెచ్చరిక పంపాలి, వినకపోతే జరిమానా వేసే విధానం పరిశీలించాలి అని. జైలు అన్న మాట ఆ సూచనలో లేదు. మనం ఉంటున్న గాజియాబాద్ జిల్లా అలహాబాద్ హైకోర్టు పరిధిలోనిదే అయినా, ఈ దేశంలో కాపీరైటు ఆలోచనను ఎక్కువగా మలిచినది మాత్రం యమున ఆవలి ఆ న్యాయస్థానమే.

శిక్షలు వేసి చూసిన దేశాల అనుభవం మన ముందుంది. అమెరికాలో రికార్డు కంపెనీల సంఘం 2003 నుంచి సామాన్య శ్రోతల మీద వేల సంఖ్యలో కేసులు వేసింది. మిన్నెసోటాలో ఒక తల్లి 24 పాటలు పంచుకున్నందుకు 2 లక్షల 22 వేల డాలర్లు కట్టాలని చివరకు తేలింది. మధ్యలో ఒక జ్యూరీ ఆ మొత్తాన్ని 19 లక్షల 20 వేల డాలర్ల దాకా తీసుకెళ్లింది. ఇలాంటి కేసుల వల్ల గాయకుల ఇళ్లు నిండలేదు, డౌన్‌లోడ్లు ఆగలేదు. 2008 చివరికి ఆ సంఘమే సామూహిక దావాలు మానుకుంది. ఫ్రాన్స్ 2009లో మూడుసార్లు పట్టుబడితే ఇంటర్నెట్ కోసేస్తామని చట్టం చేసి, 2013లో ఆ శిక్షను తీసేసింది. జపాన్ 2012లో డౌన్‌లోడ్ చేసుకున్నవారికి రెండేళ్ల వరకు జైలు పెట్టింది.

మన దేశంలో మెమరీ కార్డు దుకాణాల గిరాకీ పడిపోయింది పోలీసుల దాడుల వల్ల కాదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌక అయింది, పాటలు వినే యాప్‌లు అందరి చేతికీ వచ్చాయి. ఒక్క వేలి కదలికతో న్యాయంగా దొరికే పాటను అన్యాయంగా దింపుకోవలసిన అవసరం చాలామందికి లేకపోయింది. అవసరమూ, అలవాటూ రెండూ ఉన్నచోట నేరం అన్న ముద్ర పనిచేయదని ఈ అనుభవం చెబుతోంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇంట్లో కూర్చుని వినడానికి పాట దింపుకున్న మనిషికి జైలు పనికిరాదు. 63వ సెక్షన్‌ను పార్లమెంటు సవరించి, లాభాపేక్ష లేని వ్యక్తిగత నకలును క్రిమినల్ చట్టం నుంచి పూర్తిగా తప్పించాలి. పదేపదే చేసేవారికి హెచ్చరిక, ఆపైన కొద్దిపాటి జరిమానా చాలు. ఆ జరిమానా ఖజానాకు పోకూడదు, రచయితల, గాయకుల రాయల్టీ సంఘాలకు చేరాలి.

పరుల పాటను అమ్ముకుని, దాని చుట్టూ ప్రకటనలు పెట్టుకుని సంపాదించేవాడి విషయం వేరు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ సినిమా విడుదలకు ముందే బయటికి పొక్కి, కృష్ణా జిల్లా పెడనలో సీడీలుగా అమ్ముడైన ఉదంతం మరచిపోలేదు. ఎన్నో నెలల శ్రమ దొంగ ప్రతుల పాలైంది. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు సినిమాల పైరసీ వెబ్‌సైట్ ఐబొమ్మ నిర్వాహకుడిని అరెస్టు చేశాక సామాజిక మాధ్యమాలలో వచ్చిన స్పందన నన్ను ఆలోచనలో పడేసింది. ఆయనను పేదల పాలిటి దాతగా పొగిడినవారు ఎందరో. కేసును న్యాయస్థానం తేలుస్తుంది, దాని మీద నేను వ్యాఖ్యానించను. ఆ పొగడ్త మాత్రం తప్పు. టికెట్ల ధరల మీద జనానికి ఉన్న కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని ఇంకొకరి శ్రమను ఉచితంగా పంచి చల్లార్చుకోవడం న్యాయం కాదు. లైట్‌బాయ్, కోరస్ గాయని, వయొలిన్ వాయించేవాడు ఆ లెక్కలో ఎక్కడా కనబడరు.

ఇంకొక విషయం. ఏది నేరమో పౌరుడికి తెలియాలంటే ఏ పాట ఇంకా రక్షణలో ఉందో తెలియాలి. రవీంద్రుని రచనల కాపీరైటు ముగియవచ్చిన వేళ 1991 డిసెంబరులో ప్రభుత్వం గడువును 50 నుంచి 60 ఏళ్లకు పెంచింది. ఆ లెక్కన 1957లో వచ్చిన ‘మాయాబజార్’ రికార్డుల మీద హక్కు 2017తో ముగిసింది. కాని పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు గనుక సాహిత్యం 2031 చివరిదాకా రక్షణలో ఉంటుంది. ఘంటసాలగారి స్వరాలకు 2034 దాకా, సాలూరు రాజేశ్వరరావుగారి స్వరాలకు 2059 దాకా గడువుంది. ఒకే సినిమా పాటలకు ఇన్ని తేదీలు. ఒక సామాన్యుడు ఈ చిక్కుముడి విప్పుకుని గాని పాట వినకూడదంటే అది అయ్యేపనేనా? 60 ఏళ్లు దాటిన ప్రతి తెలుగు రికార్డు వివరాలు, దాని కర్తల పేర్లు, హక్కుల గడువు ఒకచోట నమోదు చేసే పనిని రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి చేపట్టాలి. హైదరాబాదులో, విజయవాడలో ఎందరో రికార్డు సేకర్తల ఇళ్లలో ఆ సంపద చెదలకూ తేమకూ గురవుతూ ఉంది.

ముగించే ముందు మన వేదిక సంగతి. ఇందిరాపురంలో, వైశాలిలో, నోయిడాలో ఉగాదికీ, ఘంటసాల జయంతికీ తెలుగువారు పాటల కార్యక్రమాలు చేసుకుంటారు. ఔత్సాహికులు టికెట్ లేకుండా పాడుకునే పాటకు చట్టం మినహాయింపు ఇచ్చింది. వెనుక వినిపించే కరోకే ట్రాక్‌కు ఆ మినహాయింపు లేదు, అది వేరే రికార్డింగు. ఆ ట్రాకులు చాలావరకు ఎక్కడెక్కడి నుంచో దింపినవే. 2017లో ఇళయరాజాగారి నుంచి కాపీరైటు నోటీసు వచ్చాక ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు అమెరికా పర్యటనలో తాను పాడిన ఎన్నో పాటలను పక్కన పెట్టారు. తన గొంతుతో లోకమెరిగిన పాటనే ఆయన వదులుకున్నారు. మనం దింపుకున్న ట్రాకు గురించి ఒక్కమాట కూడా అడగకుండా ఉండలేం.

నిర్వాహకులకు నా విజ్ఞప్తి రెండు భాగాలు. వచ్చే ఉగాది ఖర్చుల పద్దులో హాలు అద్దె, షామియానా, భోజనాల పక్కన సంగీత లైసెన్సు అని ఒక వరుస చేర్చండి. టికెట్ పెట్టినా, ప్రాయోజకులు వచ్చినా తప్పకుండా. పాట మొదలయ్యే ముందు మైకు పట్టుకున్నవారు సినిమా పేరు, కథానాయకుడి పేరు చెప్పి ఊరుకోకుండా, రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు, మొదట పాడినవారి పేరు చదవాలి. ఇవాళ ఈ ఉపన్యాసం తరువాత పాడబోయే తొమ్మిది పాటలకు ఆ పేర్లన్నీ కాగితం మీద రాసి తెచ్చాను. అధ్యక్షులవారికి అందజేస్తున్నాను.